పద్నాలుగో ట్యూబు, పదిహేనో ట్యూబు

ద్వారకా నగర్‌లో ఒక హార్మోన్ల ల్యాబ్‌లో ముప్పై ఒక్క ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేశాను. రిటైరయ్యాక ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. కూర్చున్నా నా నోరు ఊరుకోదు. టెక్నీషియన్ కోర్సు చదివిన పిల్లలు ఎదురుపడితే, పని ఎలా ఉంటుంది ఆంటీ అని అడుగుతుంటారు. జీతాల సంగతి, డ్యూటీల సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. రక్తం తీయడం నెల రోజుల్లో చెయ్యి తిరుగుతుంది. మెషీను నడపడం ఇంకో రెండు నెలలు. వాళ్లకు కాలేజీలో ఎవరూ చెప్పని సంగతి మరొకటి ఉంది. మనం సంతకం పెట్టిన అంకె ఒక ఇంటికి వెళ్తుంది. ఆ ఇంట్లో ఎవరు తలెత్తుకు తిరగాలో, ఎవరు పెట్టె సర్దుకోవాలో కొన్నిసార్లు ఆ అంకే తేలుస్తుంది.

నాకు ఈ సంగతి పద్దెనిమిదేళ్ల సర్వీసు నిండాక, ఒక ఘోరమైన తప్పు చేశాక తెలిసింది. ప్రమోషన్లూ సన్మానాలూ రాయడం కంటే ఆ తప్పు రాయడం మేలనిపించింది. మా ల్యాబ్ నడిపిన పెద్ద డాక్టరు గారు బతికుంటే వద్దనేవారు. పేర్లు మార్చాను, మిగతాదంతా జరిగినట్టే రాస్తున్నాను.

మా రోజువారీ సరుకు

మా ల్యాబ్‌లో రోజూ ఎక్కువగా చేసిన పరీక్ష ఎల్.హెచ్. పూర్తి పేరు ల్యూటినైజింగ్ హార్మోన్. మెదడు కింద శనగ గింజంత గ్రంథి ఉంటుంది, అక్కణ్నుంచి వస్తుంది. ఆడవాళ్లలో నెలకొకసారి ఉన్నట్టుండి పొంగుతుంది. ఆ పొంగు మొదలైన ఒకటిన్నర రోజుకు అటూ ఇటూగా అండం బయటికొస్తుంది. మగవాళ్లలో పొంగూ గింగూ ఉండదు, రోజూ కొద్దికొద్దిగా వచ్చి వృషణాల చేత పని చేయిస్తుంది. గడ్డం, మీసం, గొంతు మారడం, పిల్లలు పుట్టే శక్తి, అన్నీ దాని మీద నడిచేవే. చిన్నపిల్లల్లో మాత్రం ఈ హార్మోను నిద్రలో ఉంటుంది. వెతికినా అంకె దొరకదు. ఈడు వచ్చేటప్పుడు లేస్తుంది.

పిల్లల కోసం వచ్చేవాళ్లకు ఇది పంచాంగం లాంటిది. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే ఒకాయన భార్యకు ఇంట్లో మూత్రంతో చూసుకునే స్ట్రిప్ మీద పొంగు కనబడినప్పుడల్లా ఆయనకు సి షిఫ్టే పడేది. తెల్లారి వచ్చి నిద్రపోయేవాడు. అలా నాలుగు నెలలు పోయాయి. నాకు ఒళ్లు మండి, షిఫ్టు మార్చుకోరాదా అని ఆయన్నే అడిగాను. ఫోర్‌మన్‌కు ఏం కారణం చెప్పాలండీ అని నీళ్లు నమిలాడు. ఇంట్లో శుభకార్యం ఉందని చెప్పు, అబద్ధం కూడా కాదు అన్నాను. మూడో నెలకల్లా స్వీట్ల పెట్టె పట్టుకొచ్చారు.

అన్నీ అంత తేలిగ్గా తేలవు. కొందరు ఆడపిల్లలకు అండాశయాల్లో నీటిబుడగల సమస్య ఉంటుంది, వాళ్లలో చాలామందికి ఎల్.హెచ్. ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. స్ట్రిప్ రోజూ రెండు గీతలు చూపించి ఆశపెడుతుంది. అలాంటి పిల్లలు ఏడుస్తూ వస్తే పక్కన కూర్చోబెట్టి, తప్పు స్ట్రిప్‌ది, నీది కాదు అని చెప్పేదాన్ని. ఆ మాట చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు లేవని అనే టెక్నీషియన్‌ను నేను నమ్మను.

చెయ్యి చాపేది ఎవరు

మన దగ్గర ఒక ఆచారం పాతుకుపోయింది. పెళ్లయి రెండేళ్లు దాటి పిల్లలు లేకపోతే ఆడదాని చెయ్యి చాపిస్తారు. మగాడు మా ల్యాబ్ మెట్ల కింద బండి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. అతనికి కూడా పరీక్ష రాశారమ్మా అంటే, ముందు ఈమెది తేలనీండి అంటారు వెంట వచ్చిన పెద్దవాళ్లు. ఈమెది తేలడానికి ఏళ్లు పడుతుంది.

నూకరత్నం అలా ఎనిమిదేళ్లు మా దగ్గర చెయ్యి చాపింది. మల్కాపురంలో కాపురం. మొదట వచ్చినప్పుడు ఇరవై ఏళ్లుంటాయేమో. నన్ను అప్పా అని పిలిచేది. మాది గోదావరి జిల్లా, అక్కను అప్ప అంటారని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది, ఆ పిలుపు నాకు ఇష్టం. ఎడం సెయ్యి తియ్యప్పా, కుడిది నిన్న ఇంకోకాడ పొడిసీసినారు అని నవ్వుతూ చెప్పేది. ఆమె రిపోర్టులు ఎప్పుడూ బాగానే ఉండేవి. నెలనెలా పొంగు గడియారం పెట్టినట్టు వచ్చేది. బాగానే ఉందమ్మా అని చెప్పినప్పుడల్లా ఆమె మొహంలో సంతోషానికి బదులు భయం కనబడేది. అది నాకు వింతగా ఉండేది గానీ ఎందుకని అడగలేదు.

మా పెద్ద డాక్టరు గారి గురించి ఇక్కడే చెప్పాలి. పనిలో రాక్షసుడు, మనిషి మంచివాడు. ట్యూబు మీద పేరు వంకరగా రాస్తే రోజంతా సణిగేవారు. నేను నేర్చుకున్నదంతా ఆయన దగ్గరే. కానీ ఆయనకొక బలహీనత ఉండేది. మగవాళ్ల రిపోర్టు బాగా లేకపోతే, ఆ మనిషిని గదిలోకి పిలిచి తలుపేసి చెప్పేవారు. ఆడవాళ్ల రిపోర్టు మాత్రం కౌంటర్ మీద అత్తగారి చేతిలో పెట్టించేవారు. అది అన్యాయమని నాకు అప్పుడూ తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు.

ఆ మంగళవారం

ఎనిమిదో ఏడు నూకరత్నాన్ని చూసే డాక్టరమ్మ, భర్త పరీక్షలు లేకుండా ఇక నా గడప తొక్కొద్దని గట్టిగా చెప్పింది. దాంతో భర్త అప్పలరాజు వచ్చాడు. వీర్య పరీక్షకు ఒప్పుకోలేదు, రక్తం ఇస్తానన్నాడు. అదే పదివేలనుకున్నాను. అతను లోపలికి రాగానే ఎండుచేపల వాసన గుప్పుమంది. మేమంతా ముక్కులు మూసుకున్నాం, కౌంటర్ దగ్గరి అమ్మాయి ఫ్యాన్ పెంచింది. ఫిషింగ్ హార్బర్ దగ్గర కోళ్ల మేత కోసం ఎండుచేపలు పొడి చేసే షెడ్డులో పనట. పొడుగాటి చేతులు, నున్నటి గడ్డం, గొంతు కుర్రాడి గొంతులా సన్నగా ఉంది. ఇవన్నీ నేను చూశాను. చూశానే గానీ వాటి గురించి ఆలోచించలేదు. నా కళ్లు అతని నరం వెతుక్కుంటున్నాయి. అతని ట్యూబు పద్నాలుగు.

పదిహేనో ట్యూబు ఏడేళ్ల పాపది. స్టీల్ ప్లాంట్ ఉద్యోగి కూతురు, రెండో తరగతి. అంత చిన్న వయసులోనే ఛాతీ మీద మార్పు కనబడుతోందని పిల్లల డాక్టరు ఎల్.హెచ్. రాశారు. పాప సూది చూసి ల్యాబ్ ఎగిరిపోయేలా ఏడ్చింది. ఆ గొడవలోనే నేను రెండు ట్యూబులకూ లేబుళ్లు అంటించాను. అప్పట్లో మాకు బార్‌కోడ్‌లు లేవు, చేత్తో రాసి అంటించేవాళ్లం.

మధ్యాహ్నం అంకెలు వచ్చాయి. ముప్పై ఒక్క ఏళ్ల మగాడికి మెషీను చదవలేనంత తక్కువ. ఏడేళ్ల పాపకు నాలుగు పైన, అంటే పెద్దవాళ్లకు ఉండాల్సినంత. రెండూ మళ్లీ మెషీన్లో పెట్టాను. అవే అంకెలు.

ఇప్పుడు మీరే చెప్పండి, నా స్థానంలో మీరుంటే ఏమనుకుంటారు? మగాడికి పిల్ల అంకె, పిల్లకు మగాడి అంకె. ఆ ఏడుపుల్లో లేబుళ్లు తారుమారు చేశాననుకున్నాను. సందేహం కూడా కలగలేదు, అంత ఖాయమనిపించింది. మళ్లీ రక్తం తీయించాలన్న ఆలోచన రాలేదని అబద్ధమాడను, వచ్చింది. కానీ పాపను మళ్లీ ఏడిపించాలి. ఎనిమిదేళ్లకు ఒకసారి వచ్చిన మగాణ్ని మళ్లీ రప్పించాలి. లేబుళ్లు తప్పు అంటించానని పెద్దాయన ముందు ఒప్పుకోవాలి. అన్నిటికంటే ఈ చివరిదే నాకు కష్టమనిపించింది. పద్దెనిమిదేళ్లలో ఆయన నన్ను ఒక్క లేబులుకూ తిట్టలేదు మరి.

అంకెలు మార్చి రాశాను. పద్నాలుగుది పదిహేనుకు, పదిహేనుది పద్నాలుగుకు. సంతకం పెట్టాను. సాయంత్రం నూకరత్నం అత్తగారు వచ్చి కొడుకు రిపోర్టు తీసుకుంది. బాగానే ఉందా అని అడిగింది. బాగానే ఉందండీ అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

మెషీను నిజం చెప్పింది

ఆరు వారాల తర్వాత పాప డాక్టరు ఫోన్ చేశారు. పాప మార్పులు ఆగలేదు, చేతి ఎక్స్‌రేలో ఎముకలు పదేళ్ల పిల్లవాటిలా ఉన్నాయి, మీ రిపోర్టు నాకు నమ్మబుద్ధి కావడం లేదు, మళ్లీ చేయండి అన్నారు. మళ్లీ రక్తం తీశాను. ఆ రోజు ఇంకెవరి ట్యూబూ పక్కన పెట్టలేదు. అంకె ఈసారి కూడా నాలుగు దాటింది.

పాపకు నిజంగానే ఆ హార్మోను తొందరపడి లేచింది. అంటే ఆ రోజు లేబుళ్లు సరిగ్గానే ఉన్నాయి. పదిహేను పాపదే అయితే, పద్నాలుగు అప్పలరాజుదే. పెద్దవాడిలో నిద్రలేవని హార్మోను, చిన్నపిల్లలో ముందే లేచిన హార్మోను ఒకే ఉదయం నా దగ్గరికి వస్తే, నేను నా తెలివితో ఇద్దరినీ మామూలు మనుషుల్ని చేసేశాను.

పాప తండ్రికి నేనే చెప్పాను. ఆయన అరవలేదు. ఆరు వారాలు మా పాప ఎముకలు మీ కోసం ఆగుతాయా అండీ అని మాత్రం అడిగాడు. ఆ పాపకు హార్మోనును మళ్లీ నిద్రపుచ్చే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, కొన్నేళ్లు తీసుకుంది, పోయిన ఎత్తు పెద్దగా లేదని డాక్టరు చెప్పారు. అది నా అదృష్టం. నేను చేసిన పని అలాగే ఉంది.

పెద్దాయన గదిలోకి వెళ్లి అంతా చెప్పాను. చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. రిజిస్టరులో సరిచేయమన్నారు, మల్కాపురం వాళ్లకు ఫోన్ చేయమన్నారు. ఆ నంబరు స్విచ్ ఆఫ్. రెండు రోజులు చేశాను, అదే మాట. మన ప్రయత్నం మనం చేశాం, ఇంటికి వెళ్లి తప్పు చేశామని చాటితే రేపు ల్యాబ్‌కు ఎవరొస్తారు అన్నారు ఆయన. ద్వారకా నగర్‌లో గుమ్మానికో ల్యాబ్ ఉంది, ఆయన భయం నాకు అర్థమైంది. కానీ ఊరుకోలేకపోయాను. ఆదివారం నా సెలవు. చిరునామా కాగితం మీద అప్పలరాజు, మల్కాపురం అని ఉంది, అంతే. మల్కాపురంలో అప్పలరాజును వెతకడమంటే ఇంటికొకడు దొరుకుతాడు. అందుకని ముందు హార్బర్‌కు వెళ్లాను.

ఎండుచేపల షెడ్లు అక్కడ నాలుగైదు ఉన్నాయి. మూడోదాంట్లో మేస్త్రికి అప్పలరాజు తెలుసు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్న నన్ను చూసి నవ్వాడు. మూతికి గుడ్డ కట్టకుండా ఈ షెడ్డులో పొద్దంతా ఉండగలిగేవాడు వాడొక్కడేనమ్మా, వాడికి ముక్కున్నట్టా లేనట్టా మాకే తెలీదు అన్నాడు. ఇవాళ రాలేదనీ, వాళ్లింటి దగ్గర తగువు పెట్టుకున్నారనీ చెప్పాడు. తగువంటే కులపెద్దల పంచాయితీ. దేనికని అడిగాను.

"పెళ్లాన్ని ఒగ్గీడానికమ్మా. ఆడికి బాగానే ఉన్నాదని ల్యాబోళ్లు కాయితం ఇచ్చినారంట."

ఒగ్గీడమంటే వదిలేయడం. ఇల్లు ఎక్కడో గుర్తులడిగి ఆటో ఎక్కాను.

నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు

ఇంటి ముందు సందులో నాలుగు ప్లాస్టిక్ కుర్చీల్లో పెద్దలు కూర్చున్నారు. అత్తగారు గుమ్మంలో ఉంది. అప్పలరాజు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నూకరత్నం కింద కూర్చుంది, పక్కన ఒక సూట్‌కేసు ఉంది. నేను వెళ్లేసరికి ఒక పెద్దమనిషి చేతిలో నా రిపోర్టే ఉంది, చిరక్కుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టారు. ఎనిమిదేళ్లుగా నూకరత్నానికి బాగుందని నేనిచ్చిన కాగితాలు ఎవరి చేతుల్లోనూ లేవు. అక్కడ మాట్లాడుకుంటున్న దాన్నిబట్టి, ఆమెను సాయంత్రానికి అన్నదమ్ములు పుట్టింటికి తీసుకుపోవాలి. అప్పలరాజుకు మేనమామ కూతురు, పంతొమ్మిదేళ్ల పిల్ల, సిద్ధంగా ఉంది. ఆ పిల్ల చెయ్యి కూడా నా సూది కింద ఇంకో ఎనిమిదేళ్లు చాపించబోతున్నారని అర్థమై నాకు ఏడుపొచ్చింది.

ఎవలమ్మా నువ్వు అని అడిగాడు పెద్దమనిషి.

"ఆ కాగితం మీద సంతకం నాదండీ. అది తప్పు. అందులో ఉన్న అంకె ఈ అబ్బాయి రక్తానిది కాదు, ఇంకొకరిది. పొరపాటు నేనే చేశాను."

ఒక్కసారి అందరూ మాట్లాడారు. నూకరత్నం దగ్గర నేనేదో పుచ్చుకుని వచ్చానని ఒకాయన అన్నాడు. అత్తగారు మాత్రం సూటిగా నా దగ్గరికి వచ్చింది.

"అయితే నా కొడుకు రగతంలో ఏటున్నాదో సెప్పు. అందరం ఇంటాం."

ఇక్కడ నేను ఒక్క నిమిషం తడబడ్డాను. చెబితే నూకరత్నం ఆ క్షణమే బయటపడుతుంది. ఆ సూట్‌కేసు చూస్తుంటే నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఒక మగాడి లోపం అతనికి తెలియకముందే వీధికి చెప్పే హక్కు నాకెక్కడిది? ఆడవాళ్ల రిపోర్టులు కౌంటర్ మీద పంచినప్పుడు మేం చేసిన తప్పు అదే కదా. అది అతనికే చెబుతాను, ఇష్టమైతే అతను మీకు చెబుతాడు అన్నాను. నూకరత్నం నావైపు చూసిన చూపు ఇప్పటికీ తలుచుకోలేను. నేను కూడా వాళ్లవైపే ఉన్నాననుకుంది పాపం.

అప్పలరాజును కుళాయి దగ్గరికి తీసుకెళ్లి చెప్పాను. నీ ఒంట్లో తయారు కావాల్సిన ఒక హార్మోను తయారు కావడం లేదు, బహుశా పుట్టినప్పటి నుంచే, ఇందులో నీ తప్పు ఏమీ లేదు, ఇంకోసారి పరీక్ష చేసి హార్మోన్ల డాక్టరుకు చూపించాలి అన్నాను. మందుందా అని అడిగాడు. ఉంది, ఏళ్లు పడుతుంది, ఫలితం ఖాయమని మాటివ్వలేను అన్నాను. తలవంచుకుని కుళాయి కట్టేశాడు. అది అంతకుముందు కట్టేసే ఉంది.

"మరి దానికేటీ నేదా?"

"ఎనిమిదేళ్లుగా నేనే చూస్తున్నాను నాయనా. ఏమీ లేదు."

అతను తిరిగి సందులోకి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. తల్లి ఏదో అడగబోతే చేత్తో ఆపాడు. ఆ సన్నటి గొంతుతోనే, అందరికీ వినబడేలా మాట్లాడాడు.

"లోటు నాదంట. దానికేటీ నేదు. నాకు పెళ్లైన కాడ్నించీ అనుమానమే, నోరిప్పనేకపోనాను. దానికి తెలిసి కూడా అది ఎవల్తోనూ అననేదు."

అని వెళ్లి నూకరత్నం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రిపోర్టులు బాగున్నాయంటే ఆమె ఎందుకు భయపడేదో అప్పుడు అర్థమైంది నాకు. తనది బాగుందంటే లోపం ఎవరిదో తేలిపోతుంది. మొగుడి పరువు కోసం ఎనిమిదేళ్లు సూదులు పొడిపించుకుంది ఆ పిల్ల. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి వెళ్లారు. అత్తగారు నన్ను శాపనార్థాలు పెట్టింది. పెట్టనీ అనుకున్నాను, అవి నాకు తగినవే.

ముక్కు సంగతి

హార్మోన్ల డాక్టరు అప్పలరాజును చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, నీకు వాసన తెలుస్తుందా అని. వాసనంటే ఎలా ఉంటుందో తనకు తెలీదన్నాడు. వెంట వెళ్లిన నేను నెత్తి కొట్టుకున్నాను. తల్లి కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు వాసన నరాలూ, ఎల్.హెచ్.ను నిద్రలేపే కణాలూ ఒకే దారిలో మెదడులోకి నడుస్తాయట. ఆ దారిలో అడ్డం పడితే రెండూ ఆగిపోతాయి. కౌంటర్ దగ్గర మేమంతా ముక్కు మూసుకున్నాం, ఆ మనిషి ఒక్కడే మూసుకోలేదు. అక్కడే ఉంది జవాబు.

వైద్యం ఓపికతో కూడింది. ఎల్.హెచ్. బదులుగా పనిచేసే ఇంజెక్షన్ వారానికి రెండుసార్లు, కొన్ని నెలల తర్వాత దానికి తోడు ఇంకొకటి. గర్భిణుల్లో తయారయ్యే హార్మోనే ఆ మొదటి ఇంజెక్షన్, మన ఎల్.హెచ్.కు తోబుట్టువు లాంటిది. సూది వేయడం నూకరత్నం నా దగ్గరే నేర్చుకుంది. ఇన్నాళ్లూ నన్ను పొడిసినారు, ఇప్పుడు నా వొంతు అని నవ్వింది. ఆరు నెలలకు అప్పలరాజుకు మీసం మొలిచింది, గొంతు బొంగురుపోయింది. ముప్పై రెండేళ్లకు ఈడొచ్చిందిరా బావా అని షెడ్డులో ఏడిపించేవారట. అతను సిగ్గుపడుతూనే మురిసిపోయేవాడు.

నేను మల్కాపురం వెళ్లొచ్చిన మూడో రోజు పెద్దాయన పిలిచి, నేనైతే వెళ్లేవాణ్ని కాదమ్మా అన్నారు. ఆయన నోట అంత పెద్ద మాట అంతకుముందు వినలేదు. ఆ వారం నుంచి మా ల్యాబ్‌లో ఆడవాళ్ల రిపోర్టు వాళ్ల చేతికే ఇచ్చాం. అంకె వింతగా ఉంటే మళ్లీ రక్తం తీశాం గానీ మా తెలివితో ఏదీ సవరించలేదు. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది కూడా ఇంతే. అంకె నమ్మశక్యంగా లేకపోతే ట్యూబును అనుమానించండి, మెషీనును అనుమానించండి, కానీ ముందు ఎదురుగా ఉన్న మనిషిని తేరిపార చూడండి. తెలియకపోతే తెలియదని చెప్పండి. నాకు ఆ రోజు తెలివి తక్కువై తప్పు జరగలేదు. పద్దెనిమిదేళ్ల అనుభవం ఉందన్న పొగరుతో జరిగింది.

ఏడాదిన్నర దాటాక అప్పలరాజు వీర్యంలో కణాలు కనబడ్డాయి. కొద్దే, అయినా కదులుతున్నవి. ఇంకో ఏడు నెలలకు నూకరత్నం ఒంటరిగా ల్యాబ్‌కు వచ్చి చెయ్యి చాపింది. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది, గర్భం నిలిచింది. ఈసారి రెండుసార్లు తీసి రెండుసార్లు చూశాను. కాగితం ఆమె చేతికే ఇచ్చి, లోపలి బల్ల మీద కూర్చోబెట్టాను. అప్పటిదాకా ఆమెకు నేను క్షమాపణ చెప్పలేదు. పంచాయితీలో పొరపాటు నాదన్నాను గానీ, ఆమె మొహం చూసి చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ రోజు చెప్పాను. ఆరు వారాలు నా కాగితం నీ కాపురం మీద కత్తిలా వేలాడింది, నన్ను క్షమించు తల్లీ అన్నాను.

నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది.

"నీ కాయితం తప్పని నువ్వు ఆటో కట్టించుకోనొచ్చి నలుగుర్లో సెప్పీసినావప్పా. ఎనిమిదేళ్లు నన్ను గొడ్రాలన్నోళ్లు వీధినిండా ఉన్నారు. ఆ మాట తప్పని సెప్పడానికి ఇప్పటికీ ఒక్కలూ నా గుమ్మంలోకి రానేదు."